వద్దన్న మాటకు ధర

ఆఫీసులో ఆవిడని అందరూ చెత్తక్క అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. కొత్తగా చేరినవాళ్ళు నోరు జారి అలా పిలిచేసి నాలుక కరుచుకుంటే, "పరవాలేదులే, చెత్త నా శాఖే. నీ శాఖేమిటో చెప్పు ముందు" అని నవ్వేసేది.

అది జనానికి మెయిలు పెట్టెలు ఇచ్చే సంస్థ. ఊళ్ళో సగం మంది మెయిళ్ళు ఆ సంస్థ యంత్రాల మీదుగానే వచ్చేవి, పోయేవి. అక్కర్లేని మెయిలు వచ్చినవాళ్ళు నొక్కడానికి పక్కన 'ఇది చెత్త' అని ఒక మీట ఉంటుంది. దోమను కొట్టినట్టు దాని మీద ఒక్కటి కొట్టి అందరూ మర్చిపోతారు. ఆ నొక్కుడు ఎక్కడికి పోతుందని ఎవరూ ఆలోచించరు. అది చెత్తక్క దగ్గరికి పోయేది.

ఆవిడ విభాగానికి తిరుగుటపా అని పేరు. ఎవరైనా మీట నొక్కగానే ఆ మెయిలు పంపినవాళ్ళకి ఒక కబురు తిరిగి వెళ్ళేది: ఫలానా మనిషి మీ మెయిళ్ళు వద్దంటున్నారు, ఆ పేరు తీసెయ్యండి. ఈ కబురు అందించినందుకు సంస్థ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఒకే కంపెనీ మీద నొక్కుళ్ళు మరీ ఎక్కువైతే మెయిళ్ళని వడగట్టడానికి సంస్థ పెట్టుకున్న జల్లెడ, ఆ కంపెనీ మెయిళ్ళన్నిటినీ ఏరి స్పామ్‌లో పడేసేది. అందుకని బుద్ధి ఉన్నవాళ్ళు కబురు అందగానే పేరు తీసేసేవాళ్ళు. లేనివాళ్ళకి చెత్తక్క స్వయంగా ఫోన్ చేసేది. "ఏమండీ, రావద్దని తలుపేసిన ఇంటికి రోజూ వెళ్ళి గంట కొడతారా మీరు? మరి ఇదేమిటి?" అని మొదలుపెట్టేది.

ఒకసారి ఒకావిడ ఫోన్ చేసింది. కడుపులోనే బిడ్డ పోయింది ఆవిడకి. ఉయ్యాలలు, పాలసీసాలు అమ్మే కంపెనీ ఒకటి మాత్రం, 'మీ పాప ఈ వారం ఇంత పెరిగింది' అంటూ మెయిళ్ళు పంపుతూనే ఉంది. ఆవిడ ఏడవలేదు, కేకలెయ్యలేదు. "ఎన్నిసార్లు నొక్కితే ఆగుతాయండీ?" అని మాత్రం అడిగింది. చెత్తక్క ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుని ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. పేరు తీసేశామని తెర మీద చూపించేదాకా అక్కడి కుర్చీలోంచి లేవలేదు. రేపు తీసేస్తాం మేడమ్ అంటే, "రేపటిదాకా ఇక్కడే ఉంటాను, నాకేం తొందర లేదు" అంది.

ఆ తర్వాత తన విభాగంలోకి ఎవరు వచ్చినా ఆవిడ ఒకటే చెప్పేది. "మీట నొక్కడమంటే మనిషి నోరు విప్పి వద్దనడం. ఆ మాట అవతలివాడి చెవిలో వెయ్యడమే మన పని. అంతకన్నా ఏమీ లేదు."

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన రావడానికి కాస్త ముందే ఆయన పూసుకున్న సెంటు వచ్చేది, అందుకని వారం తిరక్కుండానే సెంటు దొర అయిపోయాడు. చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. ఎవరి టీలో చక్కెర ఎంతో కూడా గుర్తుపెట్టుకునేవాడు. వచ్చిన కొత్తల్లోనే చెత్తక్కని అద్దాల గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. మూల ఏసీ నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతుంటే కింద బకెట్టు పెట్టి ఉంది.

"మేడమ్, మనం రోజూ బంగారాన్ని ఊడ్చి వీధిలో పోస్తున్నాం. మీకు తెలుసా?" అన్నాడు.

"ఏ బంగారం సార్?"

"ఫిర్యాదులండీ! ఎవరికి ఎవరి మెయిళ్ళు గిట్టడం లేదో ఊరంతటిలోనూ తెలిసేది మనకొక్కళ్ళకే. ఆ సంగతి కంపెనీలకి ఎంత అవసరమో! మనం ఊరికే పంచిపెడుతున్నాం."

"ఫిర్యాదులు మనవి కావుగా సార్. జనానివి."

"జనం మన దగ్గర పడేశారు కదా మేడమ్. పడేసిన వస్తువు ఎవరిది?"

"పడెయ్యలేదు సార్. ఫలానావాడికి చెప్పమని మన చేతికిచ్చారు."

సెంటు దొర హాయిగా నవ్వాడు. "మీరు భలే మాటకారండీ" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నమ్మకంగా చెప్పాడు. ఇక మీదట తిరుగుటపా కావలసినవాళ్ళు డబ్బు కట్టాలి. ఎక్కువ మెయిళ్ళు పంపేవాళ్ళకి ఎక్కువ, తక్కువ పంపేవాళ్ళకి తక్కువ. కట్టనివాళ్ళకి కబురు వెళ్ళదు. "మంచి వ్యాపారస్తులు కడతారు, చిల్లరగాళ్ళు జారుకుంటారు. చివరికి ఊళ్ళో చెత్తే తగ్గుతుంది, చూస్తూ ఉండండి."

చెత్తక్క సగం నమ్మింది. నమ్మకపోతే ఏం చెయ్యాలో తెలియక నమ్మింది. ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి, ఒక మాట మాట్లాడేముందు నాలుగుసార్లు తుడుచుకునే రకం. అంతా విని, "నీ మనసుకి ఎలా ఉంది?" అని అడిగాడు.

"మనసు సంగతి తర్వాత చెబుతాను. ముక్కుకి మాత్రం బాగాలేదు" అంది.

కొత్త పద్ధతి మొదలైంది. మొట్టమొదట ఫోన్ చేసినవాడు కండక్టరు బాబాయి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. రక్తం ఇచ్చేవాళ్ళ సంఘం ఒకటి పెట్టి, ఎక్కడ ఏ గ్రూపు రక్తం కావాలన్నా సభ్యులందరికీ తన ఇంటి వరండాలో కూర్చుని మెయిళ్ళు పంపేవాడు. ఎవరైనా విసుక్కుని చెత్త మీట నొక్కితే ఆయనకి కబురు వెళ్ళేది. ఆ పేరు అప్పటికప్పుడే తీసేసేవాడు. "దిగుతానన్నవాణ్ణి స్టాపులో దింపాలి కదమ్మా" అనేవాడు చెత్తక్కతో.

ఆ రోజు ఆయన గొంతు బెదిరిపోయి ఉంది. "ఏమమ్మా, దిగుతామనేవాళ్ళ మాట నాకు వినపడటం లేదు. ఏదో కట్టమంటున్నారు, మా సంఘానికి అద్దె గది కూడా లేదాయె. ఏం చెయ్యమంటావు?"

"కాస్త ఆగండి బాబాయ్ గారూ, నేను మాట్లాడతాను."

మాట్లాడింది. సెంటు దొర ఓపికగానే విన్నాడు. "నాకూ జాలిగానే ఉంది మేడమ్. కానీ ఒకరికి ఊరికే ఇచ్చామనుకోండి, రేపు అందరూ రక్తమే అంటారు" అన్నాడు.

ఎవరు విసుక్కున్నారో తెలియక కండక్టరు బాబాయి అందరికీ పంపుతూనే పోయాడు. విసుక్కున్నవాళ్ళు నొక్కుతూనే పోయారు. కొన్నాళ్ళకి సంఘం మెయిళ్ళన్నిటినీ జల్లెడ స్పామ్‌లోకి తోసేసింది. ఆసుపత్రిలో ఒకావిడకి ఆపరేషను. ఆవిడది అరుదుగా దొరికే గ్రూపు. బాబాయి మెయిలు పంపాడు గానీ ఆ గ్రూపువాళ్ళెవరికీ అది కనపడలేదు. ఆపరేషను వాయిదా పడి ఆవిడని పై ఊరికి తీసుకుపోయారు. ఆ తర్వాత మెయిలు చూసుకున్న ఒకాయన, ముందే తెలిస్తే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదా అని బాబాయి మీద ఎగిరాడట. బాబాయి ఇదంతా చెబుతూ ఎవరినీ తిట్టలేదు.

అప్పుడు వచ్చాడు నూనె పెద్దమనిషి.

మోకాళ్ళ నొప్పులకి నూనె అమ్మే వ్యాపారం ఆయనది. ఉతికిన చొక్కా, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు, మెత్తని గొంతు. ప్రతి ఆడమనిషినీ అక్కయ్యా అంటాడు. ఆయన మెయిళ్ళ మీద జనం ఎంతగా నొక్కారంటే, చాలాకాలంగా అవి తిన్నగా స్పామ్‌లోకే పోతున్నాయి. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా. సెంటు దొర పక్కన కూర్చుని తలాడిస్తున్నాడు.

"మాకు మెయిలు రాయడం చేతకాక కాదు అక్కయ్యా. మీ కబుర్లు ఊరికే వచ్చినన్నాళ్ళూ విప్పి చూడలేదు, ఎవరికి రాయకూడదో తెలియక ఇలా అయ్యాం. మీ తిరుగుటపా చేతికొస్తే ఆ బాధ తీరిపోతుంది."

"అంటే, వద్దన్నవాళ్ళకి ఆపేస్తారు. అంతేగా?" అంది చెత్తక్క, కాస్త ఊపిరి పీల్చుకుని.

"ఆపేస్తాం అక్కయ్యా, తక్షణం ఆపేస్తాం. అరిచేవాళ్ళందరినీ తీసి పక్కన పెట్టేస్తాం. అరిచేవాళ్ళు లేకపోతే మీ జల్లెడకి మేం మంచివాళ్ళమైపోతాం. మెయిలు స్పామ్‌లోకి పోకుండా ఎదురుగా ఇన్‌బాక్సులో కూర్చుంటుంది. ఇక జాబితాలో మిగిలేదెవరు?" ఆయన చెయ్యి చాచి చూపించాడు, గదిలో వాళ్ళంతా నిలబడి ఉన్నట్టు. "నోట్లో నాలుక లేనివాళ్ళు. ముసలివాళ్ళు, మొహమాటస్తులు, ఒంటరివాళ్ళు. మా నూనె కొనేది వాళ్ళేగా!"

వాన పడేలా ఉందండీ అన్నంత మామూలుగా అన్నాడా మాట. చెత్తక్క సెంటు దొర వైపు చూసింది. ఆయన ఏదో రాసుకుంటున్నాడు.

వెళ్ళేముందు నూనె పెద్దమనిషి ఒక సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా రాయండి అక్కయ్యా." మూత సరిగ్గా లేదు. జిడ్డు వేళ్ళకి అంటుకుంది. పాడైన వనస్పతిలో మందుల షాపు కలిపినట్టు ఒక వాసన. ఆవిడ సీసాని బల్ల మీద వదిలేసి స్నానాల గదికి వెళ్ళి సబ్బు మీద సబ్బు రాసింది. వాసన పోయినట్టే ఉండేది, జుట్టు సర్దుకోబోతే మళ్ళీ తగిలేది.

"విన్నారా సార్ ఆయనన్న మాట?" అని అడిగింది తిరిగొచ్చి.

"విన్నాను. తెలివైనవాడు" అన్నాడు సెంటు దొర.

ఆయన చెప్పిన మీదట, మధ్యాహ్నం, నూనె కంపెనీకి తిరుగుటపా తెరిచింది చెత్తక్కే. ఇంకెవరూ చెయ్యలేని పనేం కాదది. కానీ ఆ కుర్చీలో ఉన్నది ఆవిడ.

ఇక ఇంటి సంగతి చెప్పాలి. చెత్తక్క వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక గదిలో భార్యాభర్తలు, రెండో గదిలో పిన్ని. తల్లి పోయాక చెత్తక్కని పెంచింది ఈ పిన్నే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి పెంచింది. బతుకంతా కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో టాబ్లెట్టు పెట్టుకుని వచ్చిన ప్రతి మెయిలూ కళ్ళద్దాలు సవరించుకుని మరీ చదివేది. బ్యాంకు వాళ్ళు పంపేదానికి కూడా 'మీరు కుశలమని తలుస్తాను' అని జవాబు రాసేది. ఎదురు జవాబు రాకపోతే, "పాపం పనుల్లో ఉన్నారేమో" అనేది.

ఒక సాయంత్రం చెత్తక్క తలుపు తీసేసరికి ఇంట్లోంచి ఆ వాసనే గుప్పుమంది. చేతులు కడిగి కడిగి వదిలించుకున్న వాసన. ముందు తన బట్టల్లోంచే వస్తోందనుకుని చీర కొంగు వాసన చూసుకుంది. అది పిన్ని గదిలోంచి వస్తోంది.

పిన్ని మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. మోకాళ్ళ మీద తడిగుడ్డ. చెత్తక్క గుడ్డ ఎత్తి చూసింది. రెండు మోకాళ్ళూ ఎర్రగా ఉబ్బి, బొబ్బలు లేచి, కొన్ని చితికి చీము కారుతోంది. గుడ్డకి చర్మం అంటుకొచ్చింది.

"ఇదేమిటి పిన్నీ!"

"గాభరా పడకే. మందు పట్టుకుందన్నమాట. లోపలి చెడునీరంతా బయటికొస్తుందని తమ్ముడు ముందే రాశాడు."

"ఏ తమ్ముడు?"

పిన్ని టాబ్లెట్టు అందించింది. వరసగా మెయిళ్ళు. 'అక్కయ్య గారికి నమస్కారాలు. ఈ రోజు మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రాత్రి నిద్ర పట్టిందా? మంట పుడితే భయపడకండి, అది గుణం.' ప్రతిదాని కిందా 'మీ తమ్ముడు' అని సంతకం. అన్నీ ఈ మధ్యవే. అన్నీ ఇన్‌బాక్సులో పైనే ఉన్నాయి. చెత్తక్క స్పామ్ తెరిచి చూసింది. అంతకుముందు వచ్చినవన్నీ అక్కడ పడి ఉన్నాయి. ఒక్కటీ చదివినది కాదు. ఏ రోజు నుంచి అవి స్పామ్‌లోంచి లేచి పైకొచ్చి కూర్చున్నాయో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ వేళ్ళకే తెలుసు.

"చెత్త అని మీట ఉంది కదా పిన్నీ. ఒక్కసారైనా నొక్కకపోయావా?"

"ఛ, ఊరుకో! పనిగట్టుకుని పలకరించే మనిషిని మొహం మీద చెత్త అంటామా? మన మర్యాద ఏమవుతుంది?"

చెత్తక్క గబగబా బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. ఎవరి మీద అసహ్యం ఎంతో విడదీసి చూసుకోబోయింది. నూనె పెద్దమనిషి మీదా, నవ్వుతూ రాసుకున్న సెంటు దొర మీదా, తన మీదా. అంతా కలిసి ఒకే ముద్దగా ఉంది, విడిపోలేదు.

డాక్టరు కట్టు కట్టాడు. ఇంకొన్నాళ్ళు రాస్తే తొడ మీది చర్మం తీసి అతకాల్సి వచ్చేదన్నాడు. సీసా అడిగి తీసుకున్నాడు, పై అధికారులకి పంపుతానని.

కాస్త నడవగలిగాక పిన్ని ఒకటే పట్టు పట్టింది. తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళమంటుంది.

"ఎందుకు పిన్నీ వాడి మొహం చూడటం?"

"సరుకు పాడైందని పాపం వాడికి తెలియదేమోనే. నాలాంటివాళ్ళు ఇంకెందరున్నారో! ఒక మాట చెప్పొస్తే వాళ్ళకైనా పంపకుండా ఆగుతాడు."

చెత్తక్క ఎంత చెప్పినా వినలేదు. సీసా పెట్టె మీదున్న అడ్రసు పట్టుకుని ముగ్గురూ టాక్సీలో బయల్దేరారు. అది పాత టైర్ల దుకాణం మీద మేడ. ఇనుప మెట్లు. పిన్నిని చెత్తక్క భర్త వీపు మీద ఎక్కించుకుని మోసుకెళ్ళాడు. పైన ఒకటే పొడవాటి గది. ఒక వైపు నీలం డ్రమ్ములు, గరాటాలు, నేలంతా జిడ్డు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు సీసాలు నింపుతున్నారు. ఒకామెకి మోచేతుల దాకా దద్దుర్లు. డ్రమ్ము అంచున ఈగలు చచ్చి అతుక్కుని ఉన్నాయి. రెండో వైపు కిటికీ పక్కన కంప్యూటర్లు.

కంప్యూటరు ముందున్న ఒకమ్మాయిని పిన్ని ఆప్యాయంగా అడిగింది. "అమ్మా, తమ్ముడు ఉన్నాడా?"

"ఏ తమ్ముడండీ?"

"అదే, నాకు రోజూ మెయిలు రాస్తాడు. 'మీ తమ్ముడు' అని."

ఆ అమ్మాయి పిన్ని కట్ల వైపు చూసింది. చప్పున తల దించుకుంది. "పొద్దుటిపూట తమ్ముణ్ణి నేనేనండీ. మధ్యాహ్నం ఆవిడ" అని పక్క కుర్చీ చూపించింది. ఆ తర్వాత, ఏదో ఒకటి చెప్పాలన్నట్టు, "మీరు చెత్త మీట నొక్కాల్సిందండీ. నొక్కినవాళ్ళకి మేం పంపం. ఎవరు నొక్కారో ఇప్పుడు మాకు తెలిసిపోతుంది, కొనుక్కుంటున్నాం కదా" అంది.

చెత్తక్కకి తల తీసేసినట్టయింది.

ఈలోగా లోపలి గదిలోంచి నూనె పెద్దమనిషి వచ్చాడు. "అరె, అక్కయ్యా! మీరొచ్చారా! ఈవిడ మీ మనిషని తెలిస్తే మంచి సరుకు పంపేవాణ్ణి కదా!" అన్నాడు.

"అంటే మంచి సరుకు వేరే ఉందా?" అని అడిగాడు చెత్తక్క భర్త. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే.

పిన్ని నూనె పెద్దమనిషిని కింద నుంచి పైదాకా చూసింది. "బాబూ, నేను నొక్కకపోవడం నీ మీద గౌరవంతో. నువ్వు దాన్నా ఏరుకున్నది?" అంది. ఆయన నవ్వు మొహం అలాగే ఉంది. డబ్బు వాపసు ఇప్పిస్తానన్నాడు, ఇంకో సీసా ఊరికే ఇస్తానన్నాడు. "నన్ను తీసుకుపొండర్రా, ఈ వాసన నావల్ల కాదు" అంది పిన్ని. రెండు మెట్లు దిగారో లేదో భళ్ళున వాంతి చేసుకుంది. చెత్తక్క ఆవిడ నుదురు పట్టుకుని నిలబడింది. పైనుంచి ఎవరో, మెట్లు కడగడానికి నీళ్ళు తెమ్మని కేకేశారు.

ఆ మరుసటి వారం సంస్థ పెద్ద హోటల్లో ఒక సమావేశం పెట్టింది. తిరుగుటపా కొనబోయే కంపెనీలన్నీ వచ్చాయి. మెత్తటి కుర్చీలు, బల్ల బల్లకీ పూలు. నూనె పెద్దమనిషి ముందు వరసలోనే ఉన్నాడు. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి సెంటు దొర చెత్తక్కనే పిలిచాడు. ఆవిడకన్నా ఎవరికి తెలుసు?

మైకు అందుకుని ఆవిడ మొదలుపెట్టింది.

"ఒక మనిషి వద్దని చెబుతాడు. ఆ 'వద్దు' మీకు చెప్పమని మాకిస్తాడు. మేం దాన్ని మీకు అమ్ముతాం. కొనలేనివాడు మంచివాడైనా వాడికి వినపడదు. కొన్నవాడు ఏం చేస్తాడో చెబుతాను వినండి. వద్దన్నవాళ్ళని వదిలేసి, వద్దనలేని వాళ్ళని ఏరుకుంటాడు. మా పిన్నికి ఈయన నూనె రాసుకుని మోకాళ్ళ మీద చర్మం ఊడింది. ఇదుగో, ఈయనే. ఆవిడ వద్దనలేదు కాబట్టి ఆవిడ పేరు మిగిలింది. ఆ తలుపు తీసింది నేను. మీకు అమ్ముతున్నది ఇదీ. తెలిసి కొనుక్కోండి."

నూనె పెద్దమనిషి కాలు మీద కాలు మార్చుకున్నాడు. ఇప్పుడు ఎవరో ఒకరు లేస్తారు, ఛీ అంటారు, కనీసం తలుపు తీసుకుని బయటికి పోతారు అనుకుంది చెత్తక్క. వెనక వరసలోంచి ఒకాయన నిజంగానే చెయ్యెత్తాడు.

"మేడమ్, ఏడాదికి ఒకేసారి కడితే ఏమైనా తగ్గిస్తారా?"

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. గదిలోకి గాలి వచ్చినట్టయింది వాళ్ళకి. సెంటు దొర లేచి, "తప్పకుండా తగ్గిస్తాం!" అన్నాడు. చెత్తక్క మైకు బల్ల మీద పెట్టేసింది. అది కుయ్యిమంది. ఫలహారాల బల్ల పక్కనుంచి, ఎవరి మొహమూ చూడకుండా, బయటికి నడిచింది. అప్పటికే అక్కడ పళ్ళాలు పట్టుకుని వరస కట్టేశారు.

మర్నాడు సెంటు దొర గదిలోకి వెళ్ళి, తనని ఆ శాఖలోంచి తీసెయ్యమంది.

"ఆవేశపడకండి మేడమ్. నిన్నటిది నేనేం మనసులో పెట్టుకోలేదు. నిజానికి మీరు చెప్పాక ఇంకో నలుగురు చేరారు. ఇది ఎలా పనిచేస్తుందో అంత విడమరచి ఎవరు చెబుతారు? మీ జీతం పెంచుదామనుకుంటున్నాను."

తను కక్కిన కోపాన్ని కూడా వీళ్ళు ఏరుకుని అంగట్లో పెట్టారు.

"వద్దు సార్" అంది. "ఇది కూడా ఎక్కడైనా అమ్ముకోండి."

ఆవిడని కింది అంతస్తులో పాస్‌వర్డులు మర్చిపోయినవాళ్ళ ఫోన్లు అందుకునే బల్లకి వేశారు. కిటికీ లేదు, పైపుల చప్పుడు. జీతం అదే.

పిన్ని డాక్టరు పంపిన కాగితాల మీద అధికారులు వచ్చి టైర్ల దుకాణం మేడకి సీలు వేశారు. కొన్నాళ్ళకి నూనె పెద్దమనిషి ఊరి అవతలి వైపు జుట్టు రాలకుండా ఇంకో నూనె మొదలుపెట్టాడని, కొత్త పేరుతో మళ్ళీ తిరుగుటపా కొన్నాడని పైఅంతస్తు వాళ్ళు చెప్పారు. సెంటు దొరకి పై పదవి వచ్చింది. ఆయన వేరే ఊరి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పిన్ని మోకాళ్ళు మానాయి. చర్మం మాత్రం ముడతలు పడి తళతళలాడుతూ ఉంటుంది. బ్యాంకు వాళ్ళకి జవాబులు రాయడం మానేసింది. ఎందుకు మానేశావని చెత్తక్క అడగలేదు. అది చూస్తే ఆవిడకి బొబ్బలు చూసినప్పటికన్నా ఎక్కువ కష్టంగా ఉండేది.

కండక్టరు బాబాయి విషయంలో మాత్రం ఒక దారి దొరికింది. ఆవిడ సెలవు రోజుల్లో ఆయన వరండాకి వెళ్ళి పక్కన కూర్చుంది. సభ్యులందరికీ ఒకే ప్రశ్న పంపించారు: ఇంకా ఉంటారా, దిగుతారా? జవాబు రానివాళ్ళందరినీ తీసేశారు. సంఘం సగానికి సగం అయిపోయింది. బాబాయి తెర చూసి బెంగపెట్టుకున్నాడు. కానీ మిగిలినవాళ్ళెవరూ మీట నొక్కేవాళ్ళు కాదు. మెల్లగా వాళ్ళ మెయిళ్ళని జల్లెడ మళ్ళీ పైకి వదిలింది.

ఆ ఏడాది చలికాలంలో, తిరుగుటపాలో చెత్తక్క స్థానంలోకి వెళ్ళినావిడ తన టీ కప్పు, చలికోటు పట్టుకుని కింది అంతస్తుకి దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "అక్కా, నేనూ బదిలీ అడిగాను. ఇక్కడ చోటుందా?" అంది.

చెత్తక్క ఏం జరిగిందని అడగలేదు. పైపుల పక్కనున్న ఇనుప కుర్చీ లాగి, దుమ్ము తట్టి, తన బల్ల చివరికి జరిపింది. ఫోన్ మోగుతోంది.

"ముందు పేరు అడుగు. తొందరపెట్టకు, చాలామంది గాభరాగా ఉంటారు" అని చెప్పి, ఫోను ఆవిడ వైపు తోసింది.